జమ చేసిన మీదట

"ఇది నేను చెప్పింది. ఇది జైలుకెళ్ళింది. రెండూ మీరు కొట్టినవే. చదవండి," అంది జడ్జి.

టైపిస్టు బల్ల మీదకి వంగింది. రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఇరవై మూడు రోజుల కిందటి ఉత్తర్వు. రంగుల మేస్త్రీని సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టాలని, వాయిదాకి అతను తనంతట తాను రావాలని. రెండోది అదే రోజు జైలుకు పంపిన విడుదల వారెంటు. మూడు లైన్ల వరకు రెండింటిలోనూ ఒకటే మాట. నాలుగో లైను మాత్రం ఉత్తర్వులో లేదు, వారెంటులో ఉంది.

"గట్టిగా," అంది జడ్జి.

"నిర్ణయించిన నగదును న్యాయస్థానంలో జమ చేసిన మీదట మాత్రమే ముద్దాయిని విడుదల చేయవలెను."

"ఆ నగదు అతను కట్టలేకపోయాడు. ఇవాళ తెల్లవారుజామున జైల్లోనే పోయాడు. రొమ్ముకి నెమ్ము పట్టిందట. డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడట. ఆ రెండు రోజుల్లో ఇవాళ లేదు."

తలుపు పక్కన ఫైళ్ళు గుండెకు హత్తుకుని నిలబడ్డ పెద్ద గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, తొందరపడకండి. విచారించిన మీదట అన్నీ తేలతాయి."

"విచారణ నాలుగింటికే. పెద్ద జడ్జిగారు స్వయంగా వస్తున్నారు." జడ్జి వారెంటును వేలితో తిప్పింది. కింద మూలన టైపిస్టు పేరులోని రెండక్షరాలున్నాయి. ఆమె కంప్యూటర్లోంచి వచ్చే ప్రతి కాగితం మీదా వాటంతటవే పడే అక్షరాలు. "ఇవి మీవే కదా?"

"నావే మేడమ్. కానీ ఆ లైను నేను కొట్టలేదు."

"సంతకం నాదే. సాయంత్రం నలభై కాగితాలు పెడతారు, చదవకుండా పెట్టేశాను. నా తప్పు నేను రాసిస్తాను. లైను కొట్టింది ఎవరో మాత్రం నాలుగింటికల్లా నాకు తెలియాలి. లేదంటే మీ పేరు రాయక తప్పదు."

టైపిస్టు బయటికొచ్చింది. పెద్ద గుమాస్తా వెనకే వచ్చి, ఆగకుండా, ఆమె వైపు చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఇంట్లో అయితే భుజం మీద చెయ్యి వేసేవాడు. అతను ఆమె తల్లికి తమ్ముడు. తండ్రి పోయాక ఆమెను, తల్లిని తన ఇంటికి తెచ్చుకున్నది అతనే. అక్షరాలు కనపడకుండా మీటల మీద తువ్వాలు కప్పి టైపు నేర్పించింది అతనే. ఉద్యోగం వచ్చిన రోజు మాత్రం మెట్ల మీదే ఆపి చెప్పాడు. "ఈ గడప దాటితే నేను నీకు మావయ్యని కాను. ఆ పిలుపు ఇంటి దగ్గరే." ఏడేళ్ళుగా ఆమె ఆ మాట జవదాటలేదు.

వరండా బెంచీ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. కుడి చేతి మీద పాత కాలిన మచ్చలు, ఇస్త్రీ పనివాళ్ళకు ఉండేలాంటివి. టైపిస్టును చూడగానే లేచింది.

"నువ్వేగా టైపు కొట్టేది?"

"అవునండీ. మీరు..."

"రంగులేసేవాడి అక్కని. నన్ను గుర్తుపట్టలేదు కదూ? పట్టవులే. పద్నాలుగు రోజుల కిందట వానలో తడుస్తూ నీ కిటికీ దగ్గరికొచ్చా. జడ్జమ్మ వెళ్ళిపోమంది, వీళ్ళేమో డబ్బు కట్టమంటున్నారు, ఇదేంటమ్మా అని అడిగా. నువ్వు తలెత్తలేదు. 'జైలువాళ్ళు ఏం చెబితే అదే' అన్నావు. నేను నిన్నెలా గుర్తుపట్టానంటే, నీ పాపిట చూసి. నాకు కనపడింది అదొక్కటే."

టైపిస్టు చెయ్యి తనకు తెలియకుండానే నెత్తి మీదకి వెళ్ళింది.

"దొంగతనం ఏంటో తెలుసా? నిచ్చెన. వాడి నిచ్చెన వాడు తెచ్చుకుంటే దొంగతనం! ఆ ఇంటాయన తనదేనన్నాడు. సరే, ఎవరిదో కోర్టులో తేలుతుందిలే అనుకున్నాం. ఆ రోజు జడ్జమ్మ వదిలేశాను పో అంటే వాడు బోనులోంచి నన్ను చూసి నవ్వాడు. జైల్లో తోటివాడికి తన దుప్పటి కూడా ఇచ్చేశాడట, ఇంటికెళ్ళిపోతున్నా, నాకెందుకని. ఆ తర్వాత దుప్పటి లేకుండా పడుకున్నాడు ఇన్ని రోజులూ."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే టైపిస్టుకు కాస్త నయంగా ఉండేది.

"శవాన్ని నాలుగు తర్వాత ఇస్తారట. అందాకా ఇక్కడే కూర్చుంటా. డబ్బు కట్టాలని ఆ కాగితంలో ఎవరు రాశారో నాకు చెప్పి పంపండి. డబ్బులొద్దు, నష్టపరిహారం వద్దు. ఎవరో చెప్పండి చాలు."

"కనుక్కుంటాను," అంది టైపిస్టు. అని, ఆ మాటకు తనే ఉలిక్కిపడింది.

టైం చూసుకుంది. పన్నెండు కావస్తోంది. ఆ లైను వల్ల ఎవరికి లాభం? ఆలోచించాల్సిన పనే లేదు. ఆరు నెలల కిందటి వరకు ఈ కోర్టులో పద్ధతి వేరు. ఎంత చిన్న కేసైనా నగదు కట్టాలి, లేదా ఆస్తిపరులు ఇద్దరు వచ్చి జామీను నిలబడాలి. రెండూ లేనివాడు విచారణ అయ్యేదాకా లోపలే. ఈ జడ్జి వచ్చాక పైవాళ్ళతో పోట్లాడి దాన్ని మార్పించింది. ఆరు నెలలు చూసి, ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తామన్నారు పైవాళ్ళు. ఆ గడువు ఈ నెలాఖరుకి. ఆ మార్పుతో కూడు పోయినవాడు ఒక్కడున్నాడు. మెట్ల కింద కూర్చుంటాడు.

అతన్ని అందరూ పూచీ బాబాయ్ అంటారు. ఎవరికి జామీనుదారు కావాలన్నా అద్దెకు మనిషిని తెచ్చి నిలబెట్టేవాడు. ఇప్పుడు మడత కుర్చీలో కూర్చుని పాత పేపర్లో పజిలు పూరిస్తున్నాడు.

"ఏంటమ్మా టైపిస్టమ్మా, నా దగ్గరికొచ్చావు? నీకూ జామీను కావాలా ఏంటి?" అని నవ్వాడు.

"కావాల్సి వచ్చేలా చేసింది నువ్వే కదా బాబాయ్?"

నవ్వు ఆగిపోయింది. ఆమె వారెంటు నకలు అతని ముందు పెట్టింది. అతను కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు.

"మేస్త్రీ పోయాడని పొద్దున్నే విన్నా. పాపం. కానీ ఇది నా పని కాదమ్మా."

"మరి ఇంకెవరికి లాభం?"

"సరిగ్గా చూడు తల్లీ. నగదు అని ఉంది. నగదు కడితే కోర్టు కౌంటర్లో కడతారు. నా మొహం ఎవరు చూస్తారు? నేనే గనక లంచమిచ్చి రాయించి ఉంటే ఏమని రాయిస్తాను? 'ఇద్దరు జామీనుదారులు' అని రాయిస్తాను. నా నోట్లో మట్టి నేనే కొట్టుకునేంత వెర్రివాడిలా కనపడుతున్నానా?"

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"ఇంకో మాట. పొద్దస్తమానం ఇక్కడే ఉంటా కాబట్టి చెబుతున్నా. మీ మేడమ్ వదిలేసినవాళ్ళు జైలు నుంచి నేరుగా ఇక్కడికొస్తారు, వాయిదా తేదీ రాయించుకోడానికి. కొందరు రానేలేదు. పారిపోయారేమో అనుకున్నా. ఇది చూశాక అనుమానం వస్తోంది. వాళ్ళు అసలు బయటికొచ్చారా అని."

ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

జైలుకు పంపే ప్రతి వారెంటుకూ ఆఫీసు నకలొకటి ఉంటుంది. వాటిని ఎవరూ తెరవరు. దారంతో కట్టి బీరువా అడుగు అరలో పడేస్తారు. టైపిస్టు నేల మీదే బాసింపట్టు వేసుకుని కట్టలు విప్పింది. కొత్త పద్ధతి మొదలైనప్పటి నుంచీ ఉన్న నకళ్ళు. ప్రతి దాంట్లో నాలుగో లైను ఉందా లేదా, అంతే. లేదు, లేదు, లేదు. ఉంది. ఆమె దాన్ని పక్కన పెట్టింది. మళ్ళీ లేదు, లేదు. ఉంది.

కట్టలన్నీ అయ్యేసరికి పక్కన ఎనిమిది కాగితాలున్నాయి.

మేస్త్రీది పోగా ఏడు. చెప్పుల దుకాణంలో పనివాడు. బస్టాండులో పడుకునే కూలీ. గిన్నెలు తోముకునే ఒకావిడ, ఆవిడది రెండు నెలల కిందటి తేదీ. అందరి కాగితాల్లోనూ చిరునామా గడిలో ఒకటే మాట ఉంది: 'స్థిర నివాసం లేదు.' మిగతా వారెంటుల్లో, అంటే సొంతిల్లో అద్దె రసీదో ఉన్నవాళ్ళ వాటిల్లో, ఆ లైను ఒక్కచోట కూడా లేదు. ఎవరో ఏరి ఏరి వేశారు. పొరపాటు కాదు.

ఆమె మేస్త్రీ వారెంటు మళ్ళీ తీసింది. పొద్దుటి నుంచి నాలుగో లైనులో ఏం చెప్పారనేదే చూసింది కానీ ఎలా చెప్పారో చూడలేదు. మూడో లైను తను కొట్టిందే: 'పూచీకత్తుపై సంతకం చేసిన తర్వాత.' నాలుగో లైను: 'జమ చేసిన మీదట.' ఒకే కాగితంలో ఒకే అర్థానికి రెండు మాటలు. ఆమె చేతికి 'తర్వాత' అలవాటు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా 'మీదట' అని కొట్టలేదు.

పక్క గదిలోంచి మాటలు వినపడ్డాయి. పెద్ద గుమాస్తా జవానుతో అంటున్నాడు. "ఆ కిటికీ ఇప్పుడే తెరవకు. దుమ్ము తగ్గిన మీదట తీద్దువుగాని."

ఆమె కాగితంలో ఆ మాట మీద వేలు పెట్టింది.

చేతులు కడుక్కున్న మీదట కూర్చో. చదువుకున్న మీదట ఆడుకో. ఉద్యోగం వచ్చిన మీదట చూద్దాంలే. పదేళ్ళ వయసు నుంచి విన్న మాట. చిన్నప్పుడు తనూ తల్లీ కలిసి దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఈ మొత్తం భవనంలో ఆ మాట నోట పలికేవాడు ఒక్కడే. వారెంటుకు నంబరు వేయడానికి రోజూ సాయంత్రం, ఆమె టీకి వెళ్ళినప్పుడు, ఆమె కుర్చీలో కూర్చునేవాడు కూడా ఒక్కడే. సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపిస్తూ జడ్జి ముందు పేజీలు తిప్పేవాడూ అతనే.

అతను రికార్డు గదిలో ఉన్నప్పుడు వెళ్ళి తలుపు వేసింది. ఎనిమిది కాగితాలూ అతని ముందున్న బల్ల మీద పరిచింది. అతను ఒక్కొక్కటీ చూశాడు. ఆశ్చర్యపోయినట్టు నటించలేదు.

"త్వరగానే పట్టుకున్నావే," అన్నాడు.

"ఎందుకు మావయ్యా?"

"ఆఫీసులో ఆ పిలుపు వద్దన్నాను."

"ఎందుకండీ?"

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒక్క పైసా తిన్నాననుకుంటున్నావా? మీ అమ్మ మీద ఒట్టు, తినలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకణ్ణి నగదు కట్టకుండానే వదిలేశారు. నగదు కట్టాడో లేదో చూడాల్సింది నేను. చూడలేదు. వాడు మళ్ళీ మొహం చూపించలేదు. వాడు కొట్టిన దెబ్బకు కన్ను పోయిన ఆవిడ తొమ్మిదేళ్ళు ప్రతి వాయిదాకీ వచ్చి అదిగో ఆ బెంచీ మీద కూర్చునేది. ముద్దాయి లేడు, కేసు లేదు, పో అని చెప్పడం నా పని. తొమ్మిదేళ్ళు చెప్పాను. చచ్చిపోయాక రావడం మానేసింది."

"మేస్త్రీ ఎవరినీ కొట్టలేదు."

"ఇల్లూ వాకిలీ లేనివాడు రేపు ఎక్కడుంటాడో వాడికే తెలియదు. వాణ్ణి మాట మీద వదలడమేంటి? మాటకి విలువెంత? ఈ మేడమ్ నిన్న గాక మొన్న వచ్చింది, రేపో మాపో బదిలీ అయిపోతుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి సమాధానం చెప్పుకునేది మనం. ఊరికి మేలే చేశాననుకున్నాను. వాడు చస్తాడని నేను కలగన్నానా?"

ముందుకు వంగి, ఇంట్లో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు. "విను. నాలుగింటికి ఏం చెప్పాలో చెబుతా. పాత నమూనాలోని లైను పొరపాటున తీసెయ్యలేదని చెప్పు. టైపిస్టులందరికీ జరిగేదే. ఒక మెమో ఇస్తారు, అంతకు మించి ఏమీ కాదు, నేను చూసుకుంటా. నాకింకా నాలుగు నెలల సర్వీసు ఉంది. ఇది బయటపడితే నాకు పెన్షను లేదు, బహుశా జైలు. ఆ ఇల్లు ఉండదు. మీ అమ్మని ఈ వయసులో ఎక్కడ పెడతావు?"

"మరి ఈ ఏడుగురు?"

"ఏ ఏడుగురు?" అతను ఏడు కాగితాలను దొంతర పెట్టి, అంచులు సరిచేసి, బల్ల సొరుగులో పెట్టాడు. మేస్త్రీది ఒక్కటే బయట ఉంచాడు. "పొరపాటు ఒకసారి జరుగుతుంది. ఎనిమిదిసార్లు జరిగితే దాన్ని పొరపాటంటారా? కాబట్టి ఒక్కటే."

"వాళ్ళింకా లోపలే ఉన్నారు."

"విచారణకొచ్చిన మీదట వాళ్ళే బయటికొస్తారు."

అతనికి ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని కూడా తెలియలేదు. టైపిస్టు తల ఊపింది. సరేనన్నట్టే ఊపింది. అతను ఊపిరి పీల్చుకుని, లేచి, ఏడేళ్ళలో మొదటిసారి ఆ గడప లోపల ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు తెలివైనదానివని నాకు తెలుసు," అని బయటికి వెళ్ళాడు.

ఇంటి దగ్గర తల్లి ఈ పాటికి ముగ్గురికీ వంట చేసి ఉంటుంది. తమ్ముడి చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి ఉంటుంది. ఆ ఇంట్లో పై గదికి రంగులు వేయించాలని రెండు నెలలుగా అనుకుంటున్నారు. ఆమె సొరుగు లాగింది. అతను తాళం వేయలేదు. తను పెంచిన పిల్ల మీద అంత నమ్మకం.

నాలుగింటికి కోర్టు హాలు నిండింది. పెద్ద జడ్జి నెరిసిన కనుబొమల మనిషి. పక్కన జడ్జి పొద్దుటి మీద పదేళ్ళు పెద్దదానిలా ఉంది. పెద్ద గుమాస్తా తన మామూలు చోట, కుడి వైపున, ఫైళ్ళతో నిలబడ్డాడు. పూచీ బాబాయ్ తలుపు దగ్గర గోడకు జారగిలబడ్డాడు. మేస్త్రీ అక్క చివరి బెంచీలో కూర్చుంది.

"ఒక లైను వల్ల ఒక మనిషి పోయాడు," అన్నాడు పెద్ద జడ్జి. "ఈ కొత్త పద్ధతి ఈ ఆఫీసుకు చేతకాదని నాకు చెబుతున్నారు. పాతదే నయమని. ముందు ఇది తేలనివ్వండి. టైపిస్టు ఎవరు?"

"నేనేనండీ."

"పొరపాటున పడిందని మీ పెద్ద గుమాస్తా గారి నోట్. నిజమేనా?"

పెద్ద గుమాస్తా ఆమె వైపు చూశాడు. తువ్వాలు కింద ఆమె వేళ్ళు సరైన మీట మీద పడినప్పుడు చూసే చూపు.

"కాదండీ," అంది. సంచిలోంచి కాగితాలు తీసింది. "ఒకటి కాదు. ఎనిమిది. ఏడుగురు ఇంకా జైల్లోనే ఉన్నారు. ముందు వీళ్ళని వదిలిపెట్టించండి, తర్వాత నన్నేమైనా అడగండి."

హాల్లో కలకలం రేగింది. జడ్జి కుర్చీలోంచి సగం లేచి కాగితాలు లాక్కుంది. మొదటిది చూసింది. రెండోది చూసేసరికే జవానును పిలిచింది. "జైలుకు ఫోను చెయ్. ఇప్పుడే. సూపరింటెండెంటును లైన్లోకి తీసుకురా, నేను మాట్లాడతా."

పెద్ద గుమాస్తా చేతుల్లో ఫైళ్ళు కదల్లేదు. మొహం మాత్రం సున్నం వేసినట్టు అయిపోయింది.

పెద్ద జడ్జి ముందుకు వంగాడు. "ఇవి ఎవరు చేశారో మీకు తెలుసా?"

"తెలుసండీ. ఆ లైనులో ఒక మాట ఉంది. అది నేను చిన్నప్పటి నుంచి వింటున్న మాట. కుర్చీ నాదే. కంప్యూటరు తెరిచి ఉంచి టీకి వెళ్ళిందీ నేనే. మేస్త్రీ అక్క కిటికీ దగ్గరికొచ్చి అడిగితే తలెత్తకుండా పంపించిందీ నేనే. అది కూడా రాసుకోండి."

"కొట్టింది ఎవరు?"

ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో ముందు వరసకు కూడా వినపడలేదు.

"గట్టిగా," అంది జడ్జి.

ఈసారి టైపిస్టు తలెత్తింది. పెద్ద జడ్జి వైపు కాదు, కుడి వైపుకూ కాదు. చివరి బెంచీలో, కాలిన మచ్చల చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆమె కళ్ళలోకి చూసింది.

"మా మావయ్య," అంది.